ఆముదం అంటిన బ్యాలెట్

శిక్షణ తరగతిలో లేనిది

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మొన్న ఇంటికి వచ్చారు. మొదటిసారి ఎన్నికల డ్యూటీ పడింది, భయంగా ఉందన్నారు. శిక్షణలో ఇచ్చిన పుస్తకం చేతిలోనే ఉంది. తీసుకుని తిరగేశాను. ఏ కవరులో ఏ కాగితం పెట్టాలో, ఏ సీలు ఎక్కడ వెయ్యాలో, యంత్రం మొరాయిస్తే ఎవరికి ఫోను చెయ్యాలో అన్నీ ఉన్నాయి. నేనొక్కటే చెప్పాను: "ఓటరు మొహం కంటే ముందు చేతులు చూడండమ్మా." వాళ్ళు మర్యాదగా నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఎందుకలా అన్నానో వివరించడానికి అప్పటికప్పుడు మాటలు రాలేదు. నాకు ఇప్పటికీ నోటికంటే కలమే నయం. అందుకని రాస్తున్నాను.

తాలూకా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఎన్నికల సీటులోంచి రిటైరయ్యాను. ఏ ప్రమోషను ఎప్పుడొచ్చిందో, ఎవరు ఆపారో నా సర్వీసు పుస్తకంలో ఉంది, సరదా ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. కొత్తవాళ్ళకు పనికొచ్చేవి ఎనభైల్లో చేసిన రెండు డ్యూటీలు. అప్పుడు నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు. నాన్నగారు బడిపంతులు, తాతగారిది పౌరోహిత్యం. నేను ఇంట్లో ఉన్నానో లేదో ఎవరికీ తెలిసేది కాదు. ఏదో ఒక మూల కూర్చుని ఏదో ఒకటి చదువుతూ ఉండేదాన్ని. ఆఫీసులో అటెండరు మొదలుకుని అందరిదీ ఒకటే మాట, "ఆ అమ్మాయికి మాటలొచ్చా?" అని. వచ్చిన మాటలన్నీ డైరీలోకి పోయేవి. ఆ డైరీలు ముందేసుకునే ఇది రాస్తున్నాను. ఇందులో కనిపించే ఆశ్చర్యార్థకాలు అప్పటి ఆ పిల్లవే. తీసేయ బుద్ధి కాలేదు.

పది వేళ్ళు

మొదటి డ్యూటీ మంగళగిరిలో, నేతగాళ్ళ వీధిలోని బడిలో. ఫోటో కార్డులు లేని రోజులవి. ఓటరు లోపలికి వస్తే మొదటి పోలింగ్ అధికారి జాబితాలో వెతికి, వరుస నంబరూ పేరూ పైకి చదివేవారు. పార్టీల ఏజెంట్లు ఆ ఊరివాళ్ళే. వాళ్ళు తలూపితే మనిషి నిజమే అన్నమాట. కాదంటే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పాలి, అప్పుడు ప్రిసైడింగ్ అధికారి విచారించాలి. నా పని రెండోది: వేలికి సిరా గుర్తు పెట్టడం, బ్యాలెట్ పుస్తకంలో మిగిలిపోయే కౌంటర్‌ఫాయిల్ మీద సంతకమో వేలిముద్రో వేయించుకోవడం, బ్యాలెట్ చింపి ఇవ్వడం.

మధ్యాహ్నం నూలుకు రంగులద్దే ఇంటి ఆవిడ ఒకామె వచ్చింది. చూపుడు వేలు నల్లటి నీలం. ఏజెంటు కుర్చీలోంచి లేచాడు.

"పొద్దున్నే వేసి మళ్ళీ వచ్చిందండీ! ఆ వేలు చూడండి!"

అందరూ నా వైపు చూశారు. వేలు చూసి చెప్పాల్సింది నేనే. నేను నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది.

"ఒక్క వేలే చూస్తావేంది బాబూ? ఇదిగో, పదీ చూడు. పదిసార్లు వేసొచ్చానా? కాళ్ళు కూడా చూపించమంటావా?"

గది గదంతా నవ్వింది. ఏజెంటు జేబులోంచి తీసిన రెండు రూపాయల నోటు మళ్ళీ జేబులోకే పోయింది. అద్దకం రంగయితే గోళ్ళ మీద, అరచేతి గీతల్లో అంతటా పాకుతుంది. మన సిరా ఒక్క వేలి మీద గీతలా పడి, గోరూ చర్మమూ కలిసేచోట ముదురుతుంది. ఆ తేడా ఆరోజు కళ్ళారా చూశాను. "వేళ్ళు చదవడం నాకు చేతనవుతుంది!" అని డైరీలో రాసుకున్నాను.

చదవడమే చేతనయింది. వేలు పట్టుకోవడం రాలేదు. రెండో డ్యూటీలో కొంప ముంచబోయింది ఆ తేడాయే.

మిరప కోతల నడుమ

రెండో డ్యూటీ నల్లపాడు దాటి బస్సులో గంట, ఆపైన ట్రాక్టరులో అరగంట పోతే వచ్చే ఊళ్ళో. మార్చి నెల. పత్తి తీతలు అయిపోయాయి, మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఊరి చుట్టూ కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ట్రాక్టరు దిగిన దగ్గర్నుంచీ మా జట్టు అందరం తుమ్ముతూనే ఉన్నాం.

మా ప్రిసైడింగ్ అధికారి పానకాలరావు గారు. జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. ఇంకో ఏడాదిలో రిటైరవ్వాల్సిన మనిషి. ముందురోజు సాయంత్రం బెంచీలు సర్దుతూ నాతో అన్నారు: "చూడమ్మా, మనం వచ్చింది ఊరిని బాగుచెయ్యడానికి కాదు. పెట్టె నిండాలి, లెక్క సరిపోవాలి, ఏజెంట్ల సంతకాలు పడాలి, మనం క్షేమంగా బస్సెక్కాలి. నాలుగే సూత్రాలు." నాకు ఆ మాటలు బాగా నచ్చాయి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని అర్థమైంది.

బడి ఒకే పెద్ద గది. ఒక మూల బల్ల మీద అట్టతో మరుగు కట్టాం, ఓటరు దాని చాటున ముద్ర వేసుకోవాలి. తూర్పు కిటికీ పక్కన బల్ల మీద ఇనప పెట్టె. ఏజెంట్ల బెంచీ గోడవారగా. పొద్దున్నే ఏజెంట్లు ఇద్దరు వచ్చారు. ఒకరు వెంకటప్పయ్య గారు, ఊళ్ళో పెద్ద మిరప రైతు, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటు పుస్తకం. రెండో పార్టీ తరఫున బుల్లెయ్య. ఎరువుల కొట్టు. నోరు ఊరుకోదు.

"అయ్యా, ఇక్కడ గాలాడట్లేదండీ," అని వెంకటప్పయ్య గారు కుర్చీ తీసుకెళ్ళి పెట్టెకు ఎదురుగా, కిటికీకి అభిముఖంగా వేసుకున్నారు. కరెంటు లేదు. ఫ్యాను తిరగడం లేదు. పానకాలరావు గారు చూసి ఊరుకున్నారు. అది మా జట్టు చేసిన మొదటి తప్పు. రెండో తప్పు పూర్తిగా నాదే.

దూరంగా చాచిన చెయ్యి

ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆడవాళ్ళ వరుసలోకి ఒక ముఠా వచ్చింది. కోతలకు కలిసి వెళ్ళే కూలి ఆడవాళ్ళు, ఒక ముప్ఫై మంది ఉంటారు. ఊరికి దూరంగా ఉన్న పల్లె నుంచి వచ్చారు. వాళ్ళని పనికి తీసుకెళ్ళేదీ, కూలి మాట్లాడేదీ సువార్తమ్మ. యాభై ఏళ్ళ మనిషి, నడుముకు కొంగు బిగించి వరుస పక్కన నిలబడింది. "మావాళ్ళంతా ఏసినాకనే నేను," అంది. తెల్లవారుజామునే చేలో దిగి, ఓటు కోసం గంట సేపు సెలవడిగి వచ్చారు. వాళ్ళు కోసేది వెంకటప్పయ్య గారి చేలోనే.

మిరప కోసేవాళ్ళు చేతుల మంటకు ఆముదం రాసుకుంటారు. ముంజేతుల దాకా మెరుస్తూ ఉన్నాయి. సిరా పెట్టేముందు వేలు పట్టుకుని, నూనె ఉంటే గుడ్డతో తుడవాలని శిక్షణలో చెప్పారు. వేలిముద్ర వేశాక బొటనవేలు కూడా తడిగుడ్డతో తుడిచి అప్పుడు బ్యాలెట్ ఇవ్వాలన్నారు. నా బల్ల మీద గుడ్డ ఉంది. మడత కూడా విప్పలేదు.

ఎందుకో చెబుతాను. మొదట వచ్చిన ముసలామె, రాహేలమ్మ, బల్లకు బారెడు దూరంలో ఆగి, నడుం వంచి, చెయ్యి మాత్రం చాచింది. నా బల్లకు తగలకూడదని, నాకు తగలకూడదని. ఆ వంగడం ఆమెకు ఎంత అలవాటో, దూరంనుంచి పుల్లతో సిరా చుక్క పెట్టడం నాకూ అంత సులువైపోయింది. మా ఇంట్లో ఎవరూ 'ముట్టుకోకు' అని గట్టిగా అనలేదు. అనే అవసరం రాకుండానే పెరిగాను. దానికి తోడు నా బిడియం. కొత్తవాళ్ళ చెయ్యి పట్టుకోవడమంటే నాకు చెమటలు పట్టేవి. రెండూ కలిసి ఆమె చేతిని దూరంగానే ఉంచాయి. ఏది ఎంత అని ఇప్పుడు విడదీసి చెప్పలేను. విడదీసి నన్ను నేను తప్పించుకోను కూడా. బ్యాలెట్ చింపి బల్ల అంచున పెట్టాను, ఆమె తీసుకుంది.

తీసుకుంటూ గుసగుసగా అడిగింది. "అమ్మాయిగారూ, మేమెవరికి ఏసిందీ ఆ కూచున్న అయ్యకి తెలుసుద్దా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నిన్న కల్లంలో అన్నాడు తల్లీ. ఎవురెవురు ఎటేశారో నాకు తెలుసుద్ది, రేపట్నించీ కోతకి ఎవురు రావాలో అప్పుడు చెప్తానని. ఈ రెండు నెల్ల కూలి పోతే ఏడాదంతా పస్తే."

"తెలియదు," అన్నాను. ఆరోజు నేను నోరు తెరిచి అన్న మొదటి మాట అదే. ఎంత ధీమాగా అన్నానో!

బజ్జీల కాగితం

పదకొండు మంది వేశారు. పన్నెండో ఆమె కౌంటర్‌ఫాయిల్ మీద వేలిముద్ర వేసి చెయ్యి తీసింది. నేను కాగితం తిప్పబోతూ ఆగిపోయాను. ఆమె చెయ్యి ఆనిన చోట కాగితం అద్దంలా అయింది. కింది పేజీ నంబరు చక్కగా కనిపిస్తోంది.

నాకు అది కొత్త కాదు. శంకర్ విలాస్ సెంటరు పక్క సందులో మిరపకాయ బజ్జీలు కట్టిచ్చే పాత పేపరు ముక్కలు నేను పారెయ్యను, చదువుతాను. నూనె పీల్చిన చోట అవతలి పక్క అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. రెండు వార్తలు ఒకదాని మీద ఒకటి పడి తమాషాగా ఉంటాయి. ఆ తమాషా ఇప్పుడు బ్యాలెట్ మీద జరుగుతోంది!

తల ఎత్తి చూశాను. మరుగులోంచి పదకొండో ఆమె మడిచిన బ్యాలెట్ పట్టుకుని పెట్టె దగ్గరికి వెళుతోంది. పెట్టె సన్నటి నోట్లోకి అది దూరడం లేదు. రెండు చేతులతో పైకెత్తి సరిచేసుకుంది. వెనక తూర్పు కిటికీ, దాన్నిండా ఎండ. కాగితం దీపం చిమ్నీలా వెలిగింది. మడతలోంచి ముద్ర పై గుర్తు మీద పడిందో కింది గుర్తు మీద పడిందో నా కుర్చీలోంచే పోల్చుకోవచ్చు. ఎదురుగా కూర్చున్న వెంకటప్పయ్య గారు నోటు పుస్తకంలో ఒక గీత గీశారు.

గాలి కోసం వేసుకున్న కుర్చీ కాదది!

'తెలియదు' అని రాహేలమ్మకు మాట ఇచ్చింది నేను. కాగితాన్ని అద్దం చేసిందీ నేను తుడవని నూనే. మధ్యాహ్నం ఏజెంట్లు మారతారు. ఆ పుస్తకం బయటికి పోతుంది. రేపు పదకొండు మందికి కోత ఉంటుందో లేదో ఆ గీతలు చెబుతాయి. ఇంకో పందొమ్మిది మంది వరుసలో ఉన్నారు.

లేచి అరవాలి. గొంతు రాలేదు. నాకు చేతనైన పనే చేశాను: చీటీ రాశాను. "నూనె చేతుల వల్ల బ్యాలెట్‌లోంచి ముద్ర కనిపిస్తోంది. ఏజెంటు గారు రాసుకుంటున్నారు. పొరపాటు నాది. దయచేసి ఆపండి." అది తీసుకెళ్ళి పానకాలరావు గారి ముందు పెట్టి నిలబడ్డాను.

ఆయన చదివారు. కళ్ళజోడు తీశారు. మెల్లగా అన్నారు: "అమ్మాయీ, నాలుగు సూత్రాలు చెప్పాను గుర్తుందా?"

నేను కదల్లేదు. కదిలి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

ఆయన నిట్టూర్చి, తెల్లకాగితం ఒకటి తీసి పెన్సిలుతో అడ్డగీత గీసి మడిచారు. వరుసలో ముందున్న మనిషిని పిలిచి, "దీన్ని ఒకసారి గట్టిగా పట్టుకోమ్మా," అన్నారు. ఆమె బెదురుతూ పట్టుకుంది. కాగితం తీసుకుని కిటికీ వైపు ఎత్తి చూశారు. గీత కనిపిస్తోంది.

"కాబట్టి నిరూపించబడినది," అన్నారు లెక్కల మాస్టారు, తనలో తానే. ఆయన మొహం మారిపోయింది. ఆ మొహంలో అంతకు ముందు లేనిదేదో వచ్చింది. రుజువు కానంతసేపు ఆయన భయస్థుడు. రుజువయ్యాక కాదు. ఇలాంటి అధికారులను తరవాత చాలామందిని చూశాను. వాళ్ళ దగ్గర కన్నీళ్ళు పనిచెయ్యవు. చేతికి రుజువు ఇవ్వండి, సింహాలైపోతారు.

"పోలింగ్ పది నిమిషాలు ఆపుతున్నాను," అని గట్టిగా ప్రకటించారు.

సుద్దపొడి

పెట్టె బల్లను కిటికీ నుంచి గోడమూలకు జరిపించారు. వెంకటప్పయ్య గారి కుర్చీని ఆయనే స్వయంగా ఎత్తి బెంచీ పక్కన వేశారు.

"ఏందండీ ఇది? నాకు గాలి..."

"గాలి అందరిదీనండీ. ఓటు మాత్రం ఎవరిది వాళ్ళది."

"బాగా చెప్పారు సార్," అన్నాడు బుల్లెయ్య. "ఎండలో కూచుంటే ఎంకటప్పయ్య బావకి పైత్యం చేసుద్ది కూడా."

ఇక నా పని. గుడ్డ తడిపి పన్నెండో ఆమె చెయ్యి అందుకోబోయాను. ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది.

"వద్దమ్మా, నువ్వు ముట్టుకోమాక. మంట పుడుద్ది."

ఆ మాటలో ఎన్ని కారణాలున్నాయో ఇద్దరికీ తెలుసు. మంట ఒక్కటే పైకి చెప్పదగ్గది. నేను బల్ల ఇవతలికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాను. గరుకుగా, జిడ్డుగా, వేడిగా ఉంది.

తడిగుడ్డతో ఆముదం పోతుందా! ఇంకా పాకింది. గుడ్డ కూడా జిడ్డయింది. గదిలో చుట్టూ చూశాను. నల్లబల్ల కింద పెట్టెలో సుద్దముక్కలు! దోసెడు తెచ్చి బల్ల మీద పోసి సిరా సీసా అడుగుతో నూరాను. ఆ పొడి ఆమె అరచేతుల్లో చల్లి, వేళ్ళ సందుల్లో రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. ఆముదమంతా పొడిలోకి వచ్చేసింది! తెల్లకాగితం పట్టించి చూశాను. మచ్చ లేదు. వేలి మీద సిరా మళ్ళీ దిద్దాను, బొటనవేలు తుడిచాను, బ్యాలెట్ ఆమె చేతికే ఇచ్చాను.

నాకు ఒళ్ళంతా ఏదో హుషారు పుట్టుకొచ్చింది. "రండి, రండి, చేతులు చాపండి!" అని నేనే పిలుస్తున్నాను. నేనేనా అది! సువార్తమ్మ వరుస పక్కన నిలబడి సుద్దముక్కలు అందించడం మొదలుపెట్టింది. "ఎప్పుడూ బళ్ళో కాలు పెట్టనోళ్ళం, ఇయ్యాళ బలపం పట్టాం," అని ఒకామె అంటే వరుసంతా నవ్వు. ఆరేడుగురు అయ్యేసరికి నా చేతులు భగ్గుమన్నాయి. ఆముదంతో పాటు మిరప ఘాటు కూడా నాకే వచ్చింది. మర్చిపోయి కన్ను నలిపాను. ఇంక చూడండి, ధారలు!

"ఓటేస్తంటే ఏడిసే ఆఫీసరమ్మని ఇప్పుడే చూత్తన్నా," అన్నాడు బుల్లెయ్య.

"ఏడవనియ్యవయ్యా," అంది సువార్తమ్మ. "మేం రోజూ ఏడుత్తానే ఉన్నాం, ఎవుడన్నా చూశాడా?"

చివరగా ఆమె తన చేతులు నా ముందు పెట్టింది, దూరం జరగకుండా. తుడిచాను. ఓటు వేసి వెళ్ళింది. వెళుతూ అడిగింది, "ముందేసిన పదకొండు మంది సంగతేందమ్మా?"

ఇద్దరికీ ఇవ్వని కాగితం

పన్నెండు కావస్తోంది. గుమ్మం బయట వెంకటప్పయ్య గారి స్థానంలో కూర్చోవడానికి ఆయన తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. నేను పానకాలరావు గారి వైపు చూశాను. ఈసారి చీటీ అవసరం లేకపోయింది.

"వెంకటప్పయ్య గారూ, ఆ పుస్తకంలో మీరు రాసిన పేజీ ఇవ్వండి."

"అది నా సొంత పుస్తకం. కాటా లెక్కలు."

"కాటా లెక్కలకు ఓటర్ల వరుస నంబర్లెందుకు? మీ ఇష్టం. ఇవ్వకపోతే, ఓటు రహస్యం బయటపెట్టే ప్రయత్నం జరిగిందని నా పోలింగ్ డైరీలో మీ పేరుతో రాస్తాను. బయట ఉన్న పోలీసాయన్ని సాక్షి సంతకం పెట్టమంటాను. ఇస్తే కాగితానికి మాత్రమే సీలు వేస్తాను."

వెంకటప్పయ్య గారు పేజీ చింపి బల్ల మీద పడేశారు.

"అయితే పైకి చదవండి సార్," అన్నాడు బుల్లెయ్య, గబుక్కున ముందుకు వంగి. "ఆయన చూశాడంటే మేం కూడా చూడాలిగా? న్యాయం న్యాయమే."

అంతవరకూ ఎండా పైత్యమూ అని నవ్వించిన మనిషి! అతని కళ్ళు కూడా ఆ కాగితం మీదే ఉన్నాయి. ఆ క్షణం నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఓటరు రహస్యానికి ఒక పార్టీ శత్రువు, ఒక పార్టీ మిత్రుడు అనుకునేదాన్ని. కాదు. అవకాశం రావాలే గాని తెలుసుకోవాలని ఇద్దరికీ ఉంటుంది.

"ఇద్దరికీ వద్దు," అన్నారు పానకాలరావు గారు. కాగితం నా వైపు తోశారు. "కవరులో పెట్టి లక్క వెయ్యమ్మా. చదవద్దు."

కళ్ళకు కనిపించిందల్లా చదివే అలవాటు నాది. మడత పెడుతుంటే కనిపించింది. రెండు వరసలు, నంబర్లు, గీతలు. లక్క కరిగించి సీలు వేశాను. ఏజెంట్లిద్దరూ అంచు మీద సంతకాలు పెట్టారు. సాయంత్రం పెట్టెతోపాటు ఆ కవరూ పైఅధికారికి అప్పగించాం. దానిమీద ఏ విచారణా జరగలేదు. జరిపించాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. పానకాలరావు గారి పద్ధతి ఆరోజుకు కాగితాన్ని కాపాడింది, మనిషిని మాత్రం వదిలేసింది. మీకు అలాంటి రోజు వస్తే కాగితానికి సీలూ వెయ్యండి, మనిషి పేరూ రాయండి.

వరండాలో

పది పన్నెండు రోజుల తరవాత సువార్తమ్మ గుంటూరులో మా ఆఫీసుకు వచ్చింది, ఇళ్ళ స్థలాల అర్జీ పట్టుకుని. వరండాలో నన్ను చూసి ఎన్నాళ్ళ నుంచో తెలిసినదానిలా చెయ్యి పట్టుకుంది.

"మీ చేతుల మంట తగ్గిందా తల్లీ?"

"మూడు రోజులు పట్టింది. మీ వాళ్ళంతా కోతకి వెళుతున్నారా?" అని అడిగాను. ఆ రోజులన్నీ నన్ను తినేసిన ప్రశ్న అది.

"రాహేలమ్మని రావద్దన్నాడు. మొదటేసింది కదా, ఆమెదొక్కటే గుర్తుండిపోయింది ఆయనకి. మిగతావి నంబర్లేనాయె, కాగితం లేకపోయాక ఏది ఎవురిదో ఆయనకేం తెలుసు? మేమేం చేశామో తెలుసా? ఆమె లేకపోతే ఎవురం దిగం అని ఇంట్లో కూచున్నాం. రెండ్రోజులు. పండిన కాయ చెట్టుమీదే ఎండిపోతా ఉంది. మూడోరోజు పొద్దున్నే తమ్ముణ్ణి పంపాడు. రాహేలమ్మని ముందు నడిపించుకుని పోయాం."

నేను 'తెలియదు' అని చెప్పిన మాట ఆ ముసలామెకు రెండు రోజుల కూలి పోగొట్టింది. ముఠాకంతటికీ కూడా. ఆ సంగతి పైకే అన్నాను. సువార్తమ్మ పట్టించుకోలేదు. అటూ ఇటూ చూసి స్తంభం చాటుకు లాగింది.

"ఒక మాట. ఆ కాగితం నువ్వు చూశావుగా?"

"సీలు వేసేటప్పుడు కనపడింది."

"మా పదకొండు మందీ ఎటేశారు?"

నేను లోపలికి వెళ్ళబోతే ఆమె చెయ్యి వదల్లేదు.

"బుల్లెయ్యకి నేను మాటిచ్చా తల్లీ. మా ముఠా మొత్తం మీకేనని. వీళ్ళంతా నా ముందు సరే సరే అన్నారు. నిజంగా ఏశారా, నన్ను ఏమార్చారా? నేనెవురికి చెప్తాను? నాకు తెలిస్తే చాలు."

ఆ ముఠా కోసం ఆమె రెండు రోజుల కూలి వదులుకుంది. ఆమె కంటే వాళ్ళ మేలు కోరేవాళ్ళు లేరు. చెబితే తప్పేముంది అని ఒక్క క్షణం నిజంగా అనిపించింది. ఆ పదకొండు చేతులూ గుర్తుకొచ్చాయి. నేను ఒక్కసారి కూడా పట్టుకోని చేతులు.

"చెప్పను సువార్తమ్మా."

"నాకు కూడానా?"

"మీకు కూడా."

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వరండాలో ఒకరిద్దరు తిరిగి చూశారు. సువార్తమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. అర్జీ చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. గేటు దాకా పోయి, ఆగి, మళ్ళీ గబగబా వెనక్కి వచ్చింది. ఈసారి గొంతు బాగా తగ్గించింది.

"అయితే నేనేసింది? అది ఎంకటప్పయ్యకి కనపడిందా?"

"లేదు. మీ చేతులు తుడిచాకేగా వేశారు."

"బుల్లెయ్యకి?"

"కనపడలేదు."

"మావాళ్ళకి?"

"ఎవరికీ కనపడలేదు."

"నీకు?"

"నాకు కూడా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె స్తంభం పట్టుకుని పెద్దగా నవ్వింది. ఎంత నవ్విందంటే అటెండరు లోపలినుంచి తొంగి చూశాడు.

"హమ్మయ్య!" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "అదీ మాటంటే. వాళ్ళది నాకు చెప్పమాక, నాది వాళ్ళకి చెప్పమాక."